ఒక్క ప్రశ్న మార్చి చూడండి: ఫిజికల్ సైన్స్ పేపర్ సెట్టర్లకు బహిరంగ లేఖ

పేపర్ సెట్టర్లకు నమస్కారం.

మీరెవరో మాకు తెలియదు, తెలియకూడదు కూడా. అయినా మీరూ మాలాంటి సైన్స్ టీచర్లే, రోజూ సుద్దముక్క పట్టుకునేవాళ్లే. అందుకే ఈ ఉత్తరం పై అధికారులకు కాకుండా నేరుగా మీకు రాస్తున్నాను. దీన్ని అర్జీ అనుకోవద్దు. ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని మాట్లాడుకునే మాటే, కాస్త పొడుగైంది.

తొమ్మిదో తరగతి గమన నియమాల పాఠం నుంచి ఏ ప్రశ్నలొస్తాయో మా పిల్లలు పరీక్షకు ముందే చెప్పేస్తారు. ద్రవ్యవేగాన్ని నిర్వచించి ప్రమాణం రాయండి. ప్రచోదనం అంటే ఏమిటి? క్యాచ్ పట్టేటప్పుడు క్రికెట్ ఆటగాడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతాడు? తుపాకీ, తూటా లెక్క ఒకటి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని ఒక ప్రయోగంతో వివరించండి. ఏ పేపర్ తీసినా అటూ ఇటూగా ఇవే. (ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. బయటి బలం లేనంతవరకు దాని మొత్తం మారదన్నదే నిత్యత్వ నియమం. ప్రచోదనం అంటే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది, అంటే ద్రవ్యవేగంలో వచ్చే మార్పు.)

ఇందులో ఆఖరిది ‘ప్రయోగాలు – క్షేత్ర పరిశీలనలు’ అనే విద్యా ప్రమాణం కింద వేసిన ప్రశ్న. దాని జవాబు గైడులో సిద్ధంగా ఉంటుంది: ఉద్దేశ్యం, కావలసిన పరికరాలు, నిర్వహణ, పరిశీలన, నిర్ధారణ. ఆ ఐదు శీర్షికలూ కంఠతా పట్టినవాళ్లకు పూర్తి మార్కులు పడతాయి, స్ప్రింగును గానీ బండిని గానీ ఒక్కసారి ముట్టుకోకపోయినా సరే. నిజంగా ప్రయోగం చేసిన అమ్మాయి తాను చూసింది చూసినట్టు ‘రెండో బండి అనుకున్నంత దూరం పోలేదు’ అని రాస్తే, అది కీలో లేదు కాబట్టి ఒక మార్కు పోతుంది. ఈ సంగతి పిల్లలకు తెలుసు, మాకూ తెలుసు. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌లో ఉన్న టీచర్ ఆ రెండు పీరియడ్లు ప్రయోగానికి పెడతారా, ప్రశ్న–జవాబు రాయిస్తారా? నాకైతే రాయించేవాళ్లను తప్పుపట్టాలనిపించదు.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. ఈ పాఠం నుంచి మీరు ఇచ్చే ప్రశ్నల్లో ఒకటి, ప్రయోగం చేతులతో చేసిన పిల్లలకు సులువుగా, బట్టీ పట్టినవాళ్లకు కష్టంగా ఉండేలా రాయండి. ల్యాబ్‌లు, నిధులు, శిక్షణ తరగతులు అన్నీ కావలసినవే, వాటి గురించి అడగాల్సిన చోట అడుగుతాం. కానీ ప్రశ్న మార్చడానికి పైసా ఖర్చులేదు. ప్రశ్న మారిందని తెలిసిన మరుసటి వారమే ప్రతి బడిలోనూ పాత టిప్పర్ బొమ్మలు, బట్టల క్లిప్పులు బల్ల మీదకు వస్తాయి. మన దగ్గర పరీక్షకు ఉన్న బలం అది.

టిప్పర్ బొమ్మలు ఎందుకంటారా? చెబుతాను, దీనికి కాస్త చోటు కావాలి.

తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ లారీలు రెండు తీసుకోండి. చక్రాలు ఒరుసుకోకుండా తిరగాలి, అంతే. కిరాణా కొట్లో తూచి, ఇసుక పోసి, మొత్తం బరువు ఒకటి 100 గ్రాములు, రెండోది 200 గ్రాములు ఉండేలా చేయండి. బట్టలు ఆరేసే క్లిప్పు తోకలు రెండూ దగ్గరకు నొక్కి దారంతో గట్టిగా కట్టండి. లారీలను వీపులు ఎదురెదురుగా ఉండేలా నిలిపి, మధ్యలో ఆ క్లిప్పు తోకలు ఆనించి, వెలిగించిన అగరబత్తి దారానికి తగిలించండి. దారం తెగగానే తోకలు విచ్చుకుని లారీలను చెరో వైపుకు తోసేస్తాయి. కత్తెరతో కోయొచ్చు కదా అంటారు పిల్లలు. కోసి చూడనివ్వండి. కత్తెర ఏదో ఒక లారీకి తగిలి తన వంతు తోపు తానూ ఇస్తుంది, లెక్క చెడుతుంది. బయటి బలం అంటే ఏమిటో అక్కడే సగం తెలిసిపోతుంది.

ఇక వేగం కొలవాలి. అర సెకనులో అయిపోయే పనిని స్టాప్‌వాచ్‌తో కొలవడం పిల్లల వల్ల కాదు, మన వల్లా కాదు. నిజానికి కొలవక్కర్లేదు. రెండు వైపులా చెరో ఇటుక పెడితే లారీలు వెళ్లి వాటికి కొట్టుకుంటాయి. మొదట ‘టక్... టక్’ అని రెండు చప్పుళ్లు వేరువేరుగా వినిపిస్తాయి. ఇటుకలను కొంచెం కొంచెంగా జరుపుతూ, మళ్లీ దారం కట్టి కాలుస్తూ పోతే ఒకచోట రెండూ కలిసి ఒకే ‘టక్’ అవుతుంది. ఆ క్షణంలో క్లాసు మొత్తం నిశ్శబ్దంగా ఉంటుంది, మనం ‘సైలెన్స్’ అని అరవకుండానే. రెండు లారీలకూ పట్టిన కాలం ఒకటే కాబట్టి దూరాల నిష్పత్తే వేగాల నిష్పత్తి. చెవి ఉంటే చాలు, గడియారం అక్కర్లేదు.

పుస్తకం ప్రకారం తేలిక లారీ 40 సెంటీమీటర్లు పోతే బరువుది 20 పోవాలి. నిజంగా చేస్తే 20 రాదు. 18 దగ్గర ఇటుక పెడితే గానీ చప్పుళ్లు కలవవు. ‘ప్రయోగం ఫెయిలైంది సార్’ అంటారు. ఈ పాఠం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ రెండు సెంటీమీటర్లే. చక్రాల దగ్గర ఘర్షణ ఉంది, అది రెండు లారీలనూ దాదాపు ఒకే రేటున నెమ్మదింపజేస్తుంది. అంటే ఒకే కాలంలో రెండూ సమానమైన దూరం నష్టపోతాయి. ఘర్షణ లేకపోతే ఒకటి 44, ఇంకొకటి 22 పోయేవి. చెరో 4 తగ్గితే 40, 18. అదే నష్టం నెమ్మదిగా పోయేదానికి ఎక్కువ తగులుతుంది. ‘ఫలిత బాహ్య బలం శూన్యమైనప్పుడు’ అని నియమంలో మొదటే ఉండే ఆ మాటను పిల్లలు ఏళ్ల తరబడి మంత్రంలా అప్పజెబుతారు. 18 దగ్గర ఇటుక పెట్టినవాళ్లకు ఆ మాట అక్కడ ఎందుకుందో వేరే చెప్పక్కర్లేదు.

దీని మీద మీరు వేయగల ప్రశ్న ఇది: ‘‘100 గ్రాములు, 200 గ్రాముల బండ్లతో ఒక బృందం ప్రయోగం చేసింది. చప్పుళ్లు ఒకేసారి వినిపించినప్పుడు తేలిక బండి 40 సెం.మీ., బరువు బండి 18 సెం.మీ. ప్రయాణించాయి. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం తప్పని ఆ బృందం రాసింది. మీరు ఒప్పుకుంటారా? కారణం రాయండి.’’ దీనికి జవాబు గైడులో దొరకదు. రేపు గైడులో వేసినా, అంకెలు మార్చి, బరువు బండి 20కి బదులు 23 పోయిందని ఇవ్వండి. అప్పుడు బండి చక్రాల గురించి ఆలోచించాలా, నేల వాలు గురించి ఆలోచించాలా అన్నది, నేల మీద కూర్చుని చేసినవాళ్లకే వెంటనే తడుతుంది.

రెండో సంగతి దిశ గురించి. పిల్లల పేపర్లలో నాకు తరచూ కనిపించే తప్పు ఇక్కడే ఉంటుంది. 50 గ్రాముల బంతి సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్లి గోడకు తగిలి 1.5 మీటర్ల వేగంతో వెనక్కి వచ్చింది, ద్రవ్యవేగంలో మార్పు ఎంత అంటే చాలామంది 2లోంచి 1.5 తీసేసి 0.025 అని రాస్తారు. అసలు జవాబు 0.175 కిలోగ్రామ్ మీటర్/సెకను, ఏడు రెట్లు. రుణ గుర్తు గురించి బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. బంకమట్టి ముద్ద ఒకటి, దాంతో సమానమైన బరువున్న రబ్బరు బంతి ఒకటి, ఒకే పొడవు దారాలకు కట్టి వేలాడదీయండి. ఎదురుగా ఒక చెక్కముక్కను నిలబెట్టండి. మట్టిముద్దను ఎంత ఎత్తు నుంచి వదిలితే చెక్క ఊగి పడకుండా నిలుస్తుందో చూసుకుని, ఇప్పుడు అదే ఎత్తు నుంచి బంతి వదిలితే ఏమవుతుందో చేతులెత్తించి ఓటింగ్ పెట్టండి. ‘మట్టి అతుక్కుని నెడుతుంది, బంతి తగిలి వచ్చేస్తుంది, దాని వల్ల ఏమవుతుంది’ అనేవాళ్లే ఎక్కువ. బంతి వదలగానే చెక్క పడిపోతుంది. మట్టి తన దగ్గరున్నది ఇచ్చి ఆగిపోయింది. బంతి ఉన్నదంతా ఇచ్చి, వెనక్కి రావడానికి కావలసింది కూడా చెక్కను నెట్టే సంపాదించుకుంది. తమ ఓటు ఓడిపోయింది కాబట్టి పిల్లలు ఆ రుణ గుర్తును ఇక మరిచిపోరు.

ఈ తప్పు చేసేది మన పిల్లలే అనుకోకండి. 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ అంతటివాడు వస్తువు పరిమాణాన్ని వడితో గుణించి, ప్రపంచంలో ఆ మొత్తం మారదన్నాడు, దిశను లెక్కలోకి తీసుకోలేదు. అభిఘాతాల (వస్తువులు ఢీకొనడం) సంగతి తేల్చమని 1668లో లండన్ రాయల్ సొసైటీ అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలూ తలో సమాధానం పంపారు. దిశను కూడా కలిపితేనే లెక్క సరిపోతుందని అప్పటికి తేలింది. 1687లో వెలువడిన తన ‘ప్రిన్సిపియా’ పుస్తకం కోసం న్యూటన్ ఈ నియమాలను కాగితం మీద రాసి ఊరుకోలేదు. పదడుగుల దారాలకు గోళాలు కట్టి, ఒకదానితో ఒకటి ఢీకొట్టించి చూశాడు. గట్టిగా చుట్టిన ఉన్ని ఉండలు 9 వంతుల వేగంతో దగ్గరైతే 5 వంతుల వేగంతో విడిపోయాయని, గాజు గోళాలైతే 16కు 15 అని రాసిపెట్టాడు. మధ్యలో గాలి తినేసిన వేగం ఎంతో విడిగా కొలిచి దాన్ని కూడా లెక్కలో సరిచేశాడు. మన లారీల రెండు సెంటీమీటర్ల సమస్య ఆయనకూ ఉందన్నమాట. మన పాఠాల్లో ఇదంతా ఎగిరిపోయి, చెట్టు నుంచి పడ్డ ఆపిల్ ఒక్కటే మిగిలింది.

క్యారమ్స్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. స్ట్రైకర్ బరువు 15 గ్రాముల దాకా, కాయిన్ 5 గ్రాముల పైచిలుకు. సూటిగా కొడితే స్ట్రైకర్ ఆగదు, కాయిన్ వెంటే పోయి బొక్కలో పడుతుంది, ఫైన్ కట్టాలి. అదే కాయిన్‌ను కాయిన్‌తో కొడితే కొట్టింది దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఈ తేడా ప్రతి ఆటగాడికీ వేళ్లకు తెలుసు. ‘స్ట్రైకర్ బరువు కాయిన్ అంతే ఉంటే ఆట ఎలా మారుతుంది?’ అని ఒక్క వాక్యం ప్రశ్న వేయండి. వెనక బెంచీ వాళ్లు ముందు బెంచీ వాళ్ల కంటే బాగా రాస్తారని నా నమ్మకం.

ప్రచోదనానికి గుడ్డు విసరడం అందరికీ తెలిసిన పనే. ఇద్దరు పిల్లలు దుప్పటి నిలువుగా పట్టుకుంటే ఇంకొకరు గుడ్డు బలంగా విసురుతారు, పగలదు. చెప్పినంత సులువు మాత్రం కాదు. దుప్పటి కింది అంచును ఒడిలా మడిచి పట్టుకోకపోతే గుడ్డు దుప్పటి దగ్గర భేషుగ్గా ఆగి, జారి నేల మీద పడి చితుకుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు కోసం చూసే పిల్లల ముందు గుడ్డు విసరడం నాకు మనస్కరించదు. అందుకే ప్లాస్టిక్ కవర్లో వేసి ముడివేసి విసిరిస్తాను. పగిలితే వంటావిడ అట్టు వేస్తుంది. గోడకు కొట్టి చూపించడానికి నీళ్లు నింపిన బుడగ సరిపోతుంది.

అంతటితో ఆపితే అది గారడీ. కాలాన్ని కొలిస్తేనే అది ఫిజిక్స్. ఈ రోజుల్లో చాలా ఫోన్లలో స్లో మోషన్ ఉంది, సెకనుకు 240 ఫ్రేములు తీసేవి కూడా ఉన్నాయి. దుప్పటికి తగిలిన బంతి ఆగేసరికి ఎన్ని ఫ్రేములు అయ్యాయో పిల్లలు ఒక్కొక్కటీ జరుపుతూ లెక్కపెడతారు. మన క్లాసుల్లో గోడకు బిగించిన ఇంటరాక్టివ్ ప్యానల్‌కు నిజంగా పని ఇదీ. ఎక్కడో తీసిన యానిమేషన్ చూపడానికి బదులు, తాము ఇప్పుడే తీసిన వీడియోను పెద్దగా చూపి ఫ్రేములు లెక్కపెట్టించొచ్చు. మీ ప్రశ్న: ‘‘60 గ్రాముల బంతి సెకనుకు 8 మీటర్ల వేగంతో వచ్చి దుప్పటిలో 24 ఫ్రేముల్లో ఆగింది. కెమెరా సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. దుప్పటి ప్రయోగించిన సగటు బలం ఎంత?’’ కాలం 0.1 సెకను, బలం 4.8 న్యూటన్లు. గుణకారాలు, భాగహారాలు పాత లెక్కలోవే. కాలం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పిల్లలకు తెలుసు.

బెలూన్ రాకెట్ సంగతి చాలా బడుల్లో అంతో ఇంతో చేయిస్తారు కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క మాట. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడల్లా టీవీ చూసే మన పిల్లల్లో చాలామంది, అది కింది గాలిని తన్ని పైకి పోతుందనే అనుకుంటారు. వాళ్లను చూసి నవ్వకండి. శూన్యంలో రాకెట్ పనిచేయదన్న భావంతో 1920లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికా రాకెట్ శాస్త్రవేత్త గాడర్డ్‌ను ఎగతాళి చేస్తూ సంపాదకీయం రాసి, 1969లో అపోలో 11 చంద్రుడి దారిలో ఉన్నప్పుడు గానీ దిద్దుకోలేదు. ‘గాలి లేని గదిలో బెలూన్ రాకెట్ కదులుతుందా?’ అన్నది మంచి రెండు మార్కుల ప్రశ్న.

ఇక మీరు చెప్పబోయే అభ్యంతరాలు నేను ఊహించగలను. ప్రయోగం చేయించని బడి పిల్లలకు అన్యాయం కాదా అన్నది మొదటిది. నిజమే, మొదటి ఏడాది కొంత జరుగుతుంది. అయితే ఇప్పటి పద్ధతిలోనూ అన్యాయం ఉంది, ప్రయోగం చేసిన పిల్లల మీద. అది ఎవరికీ కనిపించడం లేదు, అంతే తేడా. పైగా నేను చెప్పిన ప్రశ్నలన్నిటిలోనూ కావలసిన అంకెలు ప్రశ్నలోనే ఉన్నాయి. ప్రయోగం చేయనివాళ్లు కూడా ఆలోచించి రాయగలరు, కాకపోతే ఎక్కువ ఆలోచించాలి. పరికరాల ఖర్చు అంటారేమో, పైన చెప్పినవాటిలో ఊళ్లో దొరకనిది ఒక్కటీ లేదు. ఫోన్ టీచర్ జేబులో ఉంటుంది.

వాల్యుయేషన్ కష్టమవుతుందన్నది గట్టి అభ్యంతరం. కట్టలు కట్టలుగా పేపర్లు దిద్దేటప్పుడు, పిల్లలు తలో రకంగా రాసిన కారణాన్ని చదివి మార్కు వేయడం విసుగే. నేనూ దిద్దుతాను కాబట్టి తెలుసు. దానికి దారి ఉంది. మూడు, నాలుగు ఒప్పుకోదగిన కారణాలను కీలోనే ఇవ్వండి: ఘర్షణ, నేల వాలు, క్లిప్పు నిటారుగా ఆనకపోవడం, ఇసుక తూకంలో తేడా. వీటిలో ఏదైనా అంకెలతో పొసిగేలా రాస్తే పూర్తి మార్కులు అని రాయండి. వేరే కారణం సబబుగా ఉంటే దిద్దేవారి విచక్షణకు వదలండి. భాషా ఉపాధ్యాయులు వ్యాసాలు దిద్దడం లేదా?

ఇంకొక ప్రశ్న మీ ముందు పెట్టాలనుంది, ఇది అవసరం కూడా. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా బడిలో సగంమంది మగపిల్లలు, కొందరు ఆడపిల్లలు కూడా స్కూటీ నడుపుతారు. లైసెన్స్ సంగతి వేరే గొడవ. హెల్మెట్ పెట్టుకుంటే పోలీసులు ఆపరని పెట్టుకుంటారు, అది కూడా పైచిప్ప మాత్రమే ఉండే టోపీ రకం. ప్రశ్న ఇలా ఉండొచ్చు: ‘‘5 కిలోల ద్రవ్యరాశి గల తల సెకనుకు 6 మీటర్ల వేగంతో రోడ్డుకు తగిలింది. లోపలి థర్మాకోల్ 25 మి.మీ. నలిగి తలను ఆపింది. థర్మాకోల్ లేని హెల్మెట్‌లో తల 2.5 మి.మీ.లోనే ఆగిపోయింది. రెండు సందర్భాల్లోనూ ప్రచోదనం ఎంత? సగటు బలం ఎంత?’’ ప్రచోదనం రెండు చోట్లా 30 న్యూటన్ సెకన్లే. బలం మాత్రం మొదటిసారి 3,600 న్యూటన్లు, రెండోసారి 36,000. దీనికి ముందు క్లాసులో చేయించదగ్గ పని కూడా చిన్నదే: ఒకే ఎత్తు నుంచి సుద్దముక్కను నేల మీదకు ఒకటి, థర్మాకోల్ ముక్క మీదకు ఒకటి వదలడం. ఏది విరిగిందో అందరూ చూస్తారు. పాత హెల్మెట్‌లో థర్మాకోల్ ఒకసారి నలిగితే మళ్లీ లేవదనీ, అందుకే దెబ్బ తిన్న హెల్మెట్ పారేయాలనీ అక్కడే చెప్పొచ్చు.

క్యాచ్ పట్టే క్రికెటర్‌ను మీరు తీసేయనక్కర్లేదు, ఆయన్నీ ఉండనివ్వండి. అయితే జవాబును ‘కాలం పెరుగుతుంది, బలం తగ్గుతుంది’ దగ్గర ఆపకుండా, 160 గ్రాముల బంతి సెకనుకు 25 మీటర్ల వేగంతో వస్తే చేతులు కదపకుండా 0.01 సెకనులో ఆపినప్పుడు ఎంత, వెనక్కి లాగుతూ 0.1 సెకనులో ఆపినప్పుడు ఎంత అని అడగండి. 400 న్యూటన్లకు, 40 న్యూటన్లకు మధ్య తేడా కాగితం మీద కనిపిస్తే చాలు.

ఈసారి సమ్మెటివ్ పేపర్ కూర్చేటప్పుడు ‘ప్రయోగం ద్వారా వివరించండి’ అనే చోట, పైన చెప్పిన లారీల ప్రశ్న వేసి చూడండి. అంకెలు మీ ఇష్టం. కీలో 20 అని మాత్రం రాయకండి.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంట్,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల